సైన్సు పార్కు కన్నా ముందు ఇరవై రొయ్యల గుంటలు

స్టార్టప్‌లకి చేయూతనిచ్చే రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్ 2025 ఆగస్టులో అమరావతిలో మొదలైంది. దానికి విశాఖ మొదలు అనంతపురం దాకా ఐదు అనుబంధ కేంద్రాలు ఇచ్చారు. నెల్లూరు, ప్రకాశం పేర్లు ఆ ఐదింటిలో లేవు. మనకి దగ్గర్లో ఉన్నది తిరుపతి. అప్పట్నించీ ఇక్కడ చదువుకున్నవాళ్లు నలుగురు కలిస్తే వచ్చే మాట ఒకటే: కాకుటూరులో విక్రమ సింహపురి విశ్వవిద్యాలయాన్ని ఆనుకుని ఒక సైన్సు పార్కు (పరిశోధన చేసే కంపెనీలు దిగే ప్రాంగణం) కావాలి, ఒంగోలులో ఆంధ్రకేసరి విశ్వవిద్యాలయానికి ఇంకొకటి కావాలి. కోరిక న్యాయమైనదే. నా పేచీ వరసతో. అందరి ఊహలోనూ ముందు భవనం, అద్దె గదులు, సమావేశ మందిరం వస్తున్నాయి. లోపల ఏ పని జరగాలన్న ప్రశ్న శంకుస్థాపన తర్వాతికి వాయిదా పడుతోంది.

ఈ ప్రాంతంలో ఆలోచనలకు కరువు లేదు. రొయ్యల గుంట నీటికి గాలి పట్టించే ఏరియేటర్ ఫ్యాను రెక్కల దగ్గర్నుంచి నిమ్మకాయలు గ్రేడు చేసే జల్లెడ దాకా ఏదో ఒకటి మార్చి చూసేవాళ్లు ప్రతి మండలంలో ఉన్నారు. ఒక్క పంట మీద ఎకరాకి లక్షలు పోసే రైతులున్న చోట డబ్బు లేదని కూడా అనలేం. లేనిది వేరే ఉంది. "ఇది పనిచేస్తుంది" అని ఒకరు చెప్పినప్పుడు, అందులో లాభం గానీ నష్టం గానీ లేని మూడో మనిషి కొలిచి నిగ్గు తేల్చే చోటు లేదు. విశ్వవిద్యాలయం చేతిలో ఉన్న అసలు సరుకు అదే. పార్కు పేరుతో దాన్నే ముందు నిలబెట్టాలని నా వాదన.

వరికి దొరికింది, రొయ్యకి దొరకలేదు

నెల్లూరు వ్యవసాయ పరిశోధన స్థానం 1937 నాటిది. రైతుకి విత్తనం బస్తా మీద కనపడేది ఎన్‌ఎల్‌ఆర్ 34449 అనే అంకె, నెల్లూరు మసూరి అనే పేరు. ఆ అంకె వెనక జరిగిన పని కనపడదు. కొత్త రకాన్ని అందరికీ తెలిసిన పాత రకం పక్కన నాటుతారు. ఒక్కో రకాన్ని ఒకే చోట కాకుండా మూడు నాలుగు మళ్లలో, ఏ మడికి ఏది అన్నది చీటీ తీసినట్టు నిర్ణయించి వేస్తారు. మడిలో ఒక మూల సారం ఎక్కువుంటే ఆ లాభం ఒకే రకానికి దక్కకూడదని ఈ జాగ్రత్త. తర్వాత వేరే నేలలున్న కేంద్రాలకి పంపుతారు. అక్కడా నెగ్గినవి మినీకిట్లుగా, అంటే చిన్న విత్తన సంచులుగా, రైతుల పొలాల్లోకి వెళతాయి. అగ్గితెగులుకి తట్టుకుంటుందా, గాలివానకి పడిపోతుందా, మిల్లులో నూక ఎంత వస్తుందీ అన్నీ రాస్తారు. ఓడిపోయిన రకాలకి పేరు కూడా పెట్టరు, అవి ఎన్నో మనకి తెలియను కూడా తెలియదు. రైతు ఆ అంకెని నమ్మేది ఈ వడపోత వల్లే.

ఇదే జిల్లాలో, అక్కణ్ణించి తూర్పుకి పాతిక ముప్పై కిలోమీటర్లు పోతే రొయ్యల గుంటలు. 1994లో వైట్‌స్పాట్ వైరస్ రోగం వచ్చి టైగర్ రొయ్యని ఊడ్చేసింది. 2009లో రోగరహిత తల్లి రొయ్యలతో వెన్నామీ అనే విదేశీ రొయ్యకి అనుమతి వచ్చాక సాగు మళ్లీ లేచింది. ఆ తర్వాత ఈహెచ్‌పీ అనే సూక్ష్మ పరాన్నజీవి వచ్చింది. అది రొయ్యని ఒక్కసారిగా చంపదు. కాలేయం లాంటి హెపటోపాంక్రియాస్‌లో చేరి ఎదుగుదల ఆపేస్తుంది. తొంభై రోజులు మేత తిన్న రొయ్య నలభై కౌంటుకి (కిలోకి నలభై తూగేలా) రావాల్సింది వంద దగ్గర ఆగిపోతుంది. దానికి గుంటలో వేసి నయం చేసే మందు లేదు. మందు లేని రోగం ఉన్న చోట మందుల వ్యాపారం ఎంత పెరుగుతుందో తీరప్రాంత మండలాల్లో ఏ మందుల షాపుకి వెళ్లినా అర్థమవుతుంది. గట్ ప్రోబయోటిక్, వాటర్ ప్రోబయోటిక్, మినరల్ మిక్స్, ఇమ్యూన్ బూస్టర్, అమోనియా తగ్గించే యుక్కా పొడి. ఒక్కటి కూడా ఎన్‌ఎల్‌ఆర్ అంకె లాంటి దారిలో రాలేదు.

షాపులో ఇంకో చిక్కుంది. చాలాచోట్ల నీళ్లు పరీక్ష చేసేదీ, మందు రాసేదీ, మేత అప్పుగా ఇచ్చేదీ ఒక్కరే. కౌంటరు వెనక మనిషి చెడ్డవాడని నేననను. తెల్లవారుజామున రొయ్య తేలిపోతోందని ఫోను చేస్తే పలికేది అతనే. కానీ పరీక్ష ఫలితం వల్ల అమ్మకం పెరిగేవాడు ఆ పరీక్ష చేస్తే, ఫలితం నిజమైనా సరే రైతు మనసులో దానికి విలువ సగమే.

ఒక సున్నం బస్తా

ఈహెచ్‌పీ వచ్చిన గుంటని మళ్లీ సాగుకి తేవాలంటే అడుగు మట్టిలో మిగిలిన దాని బీజాలని (స్పోర్లని) చంపాలి. అందరూ చెప్పే పద్ధతి ఇది. గుంట బాగా ఎండాలి. హెక్టారుకి 6 టన్నుల కాల్చిన సున్నం, అంటే ఎకరాకి సుమారు 2,400 కిలోలు, 50 కిలోల బస్తాలు 48 దాకా వేయాలి. 10-12 సెంటీమీటర్ల లోతు దున్ని కలపాలి. తర్వాత నీళ్లు చల్లి తడపాలి. అప్పుడు మట్టి పీహెచ్ 12 దాకా లేస్తుంది. వారం అలాగే వదిలెయ్యాలి.

ఇందులో తప్పిపోయే చోటు బస్తానే. కాల్చిన సున్నం, తడిపిన సున్నం, గుల్ల పొడి, సున్నపురాయి పొడి, డోలమైట్ అన్నిటినీ షాపులో సున్నమనే అంటారు. రాయి పొడి ఎన్ని టన్నులు చల్లినా పీహెచ్ 8, 9 దాటి పోదు. కాల్చిన సున్నం కూడా తేమ గోడౌనులో రెండు నెలలు మూలిగితే బస్తా ఉబ్బి చిట్లుతుంది, గాలి తగిలిన మేరకు మళ్లీ రాయి పొడిగా మారుతుంది. రైతు 48 బస్తాలు వేస్తాడు, కూలి ఇస్తాడు, వారం ఆగుతాడు, తర్వాతి పంటలో మళ్లీ ఈహెచ్‌పీ వస్తుంది. "సున్నం వేసినా లాభం లేదు" అని ఊరంతా పాకుతుంది. సరైన పద్ధతికి చెడ్డపేరు.

ఈ తేడా పట్టుకోవడానికి పెద్ద యంత్రం అక్కర్లేదు. కొత్తగా కాల్చిన సున్నం మీద నీళ్లు పోస్తే పొగలు కక్కి వేడెక్కుతుంది, రాయి పొడి కదలదు. సరైన విలువలు చూపేలా సరిచేసిన పీహెచ్ మీటరుతో పది నిమిషాల్లో సందేహం తీరుతుంది. ఇంకా కచ్చితంగా కావాలంటే ఆమ్లంతో టైట్రేషన్ చేసి వాడుకకి వచ్చే సున్నం ఎంత శాతమో చెప్పొచ్చు. అది డిగ్రీ రెండో ఏడు కెమిస్ట్రీ ప్రాక్టికల్. ఏటా వందలమంది పిల్లలు అదే టైట్రేషన్‌ని సీసాల్లో ఇచ్చిన తెలియని ద్రావణం మీద చేసి, రికార్డు రాసి, వాష్‌బేసిన్‌లో పారబోస్తున్నారు. అదే వారంలో పక్క మండలంలో లారీల కొద్దీ సున్నం పరీక్ష లేకుండా మట్టిలో కలుస్తోంది. ఈ రెంటినీ కలపడం పార్కు మొదటి పనిగా పెట్టుకోవచ్చు. దానికి భవనం అవసరం లేదు.

ఇరవై ఎందుకు

ప్రోబయోటిక్ లాంటి వాటికి టైట్రేషన్ చాలదు. "మా గుంటలో వేశాను, 82 శాతం బతికింది" అనే మాట రుజువు కాదు. ఆ రైతు గుంట అది వేయకపోయినా 82 శాతం ఇచ్చి ఉండొచ్చు. ఎన్ని గుంటలు చూస్తే నమ్మొచ్చన్నదానికి ఒక మోటు లెక్క ఉంది. గుంటకీ గుంటకీ సహజంగా ఉండే చెదురుని (స్టాండర్డ్ డీవియేషన్), మనం పట్టుకోదలచిన తేడాతో భాగించి, వర్గం చేసి, 16తో హెచ్చించాలి. వచ్చేది ఒక్కో పక్షానికి కావలసిన గుంటల సంఖ్య.

రైతుల మట్టి గుంటల్లో బతుకు శాతం చెదురు 15 ఉందనుకుందాం. మందు వల్ల 10 శాతం ఎక్కువ బతికిందని తేల్చాలి. లెక్క ప్రకారం మందు వేసినవి 36, వేయనివి 36, మొత్తం 72 గుంటలు. ఇది ఎవరి వల్లా కాదు. అదే షీటు పరిచిన ఒకే కొలత గుంటలు, ఒకే ట్యాంకు సీడు (రొయ్య పిల్లలు), ఒకే మేత, ఒకే రోజు వదలడం చేసి చెదురుని 8కి దించగలిగితే పక్షానికి పది చాలు. అలా వచ్చింది ఇరవై.

ఒక్కోటి 500 చదరపు మీటర్లు అనుకుంటే నీళ్లు నిలిచే విస్తీర్ణం ఒక హెక్టారు. నీళ్లని బ్లీచింగ్ చేసి నిలవబెట్టే రిజర్వాయరు, బయటికి పోయే నీటిని శుద్ధి చేసే గుంట, కట్టలు, దారి కలిపి ఐదారెకరాలు కావాలి. చదరపు మీటరుకి 40 చొప్పున వదిలితే గుంటకి 20,000 పిల్లలు, అన్నిటికీ 4 లక్షలు. అంతా ఒకే హేచరీ (పిల్లలని పుట్టించే కేంద్రం) ట్యాంకు నుంచి రావాలి, రెండు ట్యాంకులు కలిస్తే ప్రయోగం అక్కడే చెడింది. కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ పెట్టిన 60 పరిమితికి లోపలే ఉన్నాం. బతుకు 75 శాతం, బరువు 20 గ్రాములు వస్తే గుంటకి 300 కిలోలు, పంటకి 6 టన్నులు. ఆ అమ్మకం నడుపుడు ఖర్చులో కొంత తిరిగి తెస్తుంది. గుంటకి ఒక హార్స్‌పవర్ ఏరియేటర్, పక్షుల వలలు, పీతల కంచె, డీజిల్ జనరేటరు ఉండాలి. తెల్లవారుజామున రెండుకీ నాలుగుకీ మధ్య కరెంటు పోతే ఆక్సిజన్ పడిపోయేది అప్పుడే. ఒక్క రాత్రి జనరేటరు స్టార్టు కాకపోతే నాలుగు నెలల ప్రయోగం పోతుంది.

ఇక్కడ నాకే ఒక అనుమానం ఉంది. ఏడాదికి రెండు పంటలు, పంటకి ఒక ఉత్పత్తి. బజార్లో వందలు ఉంటే ఏడాదికి రెండు తేల్చడం సముద్రంలో కాకిరెట్ట కాదా?

అందుకే గుంటలకి ముందు రెండు జల్లెడలు కావాలి. మొదటిది లేబుల్. ప్యాకెట్ మీద గ్రాముకి వంద కోట్ల బాసిల్లస్ బాక్టీరియా అని ఉంటే, షాపులోంచి కొన్న ప్యాకెట్‌లో ఎన్నున్నాయో చూడాలి. పొడిని ఉప్పునీటిలో కలిపి, 80 డిగ్రీల దగ్గర పది నిమిషాలు ఉంచితే బీజాలు తప్ప మిగతావి చస్తాయి. పదింతల చొప్పున పలచన చేసి ప్లేట్ల మీద పరిచి, ఒకటి రెండు రోజుల తర్వాత చుక్కలు లెక్కపెట్టాలి. బీజాలు కట్టని రకాలైతే నెల్లూరు ఎండాకాలంలో రేకుల షెడ్డు షాపులో ఎన్నాళ్లు బతికుంటాయన్నది వేరే ప్రశ్న. వాటికి వేడి పెట్టకుండా లెక్కించాలి. ఇక్కడే పోయేవి పోతాయి. రెండోది ట్యాంకులు. వెయ్యి లీటర్ల ఫైబర్ ట్యాంకులు ఓ అరవై ఉంటే నెలన్నరలో ఐదారు ఉత్పత్తులని ఒకేసారి పోల్చొచ్చు. ట్యాంకులో గెలిచినవన్నీ గుంటలో గెలుస్తాయని కాదు. కానీ ట్యాంకులో కూడా ఏ తేడా చూపలేనిదాన్ని గుంట దాకా తీసుకుపోవడం దండగ.

గుంటల్లో నెగ్గినవాటికి చివరి మెట్టు రైతుల దగ్గరే, వరి మినీకిట్ల లాగానే. షీటు గుంటకీ మట్టి గుంటకీ తేడా ఉంది, కాబట్టి ఈ మెట్టు మానకూడదు. ఒకే రైతుకి పక్కపక్కన ఉన్న రెండు గుంటలు తీసుకుని ఒకదాంట్లో మందు, ఇంకోదాంట్లో అదే రంగు, అదే వాసన ఉన్న ఉత్త తవుడు పొడి వేయాలి. ఏది ఏదో రైతుకీ, లెక్క రాసేవాళ్లకీ తెలియకూడదు. కవరు మీద "అ", "ఆ" అని మాత్రమే ఉండాలి. ఒకే రైతు చేతిలోని రెండు గుంటల మధ్య తేడాలే చూస్తాం కాబట్టి చెదురు బాగా తగ్గుతుంది. జతల లెక్కలో 16 బదులు 8తో హెచ్చిస్తే సరిపోతుంది కాబట్టి, ఆ తేడాల చెదురు 10కి దిగితే పది జతల గుంటలు చాలు. ఉత్త పొడి వేసిన గుంట వెనకబడితే ఆ తేడా మేరకు రైతుకి పరిహారం ఇస్తామని ముందే రాసివ్వాలి. అది లేకుండా ఏ రైతూ తన గుంట ఇవ్వడు, ఇవ్వనక్కర్లేదు కూడా.

"ల్యాబ్‌లు ఉన్నాయిగా"

ఉన్నాయి. ఎగుమతికి ముందు యాంటీబయోటిక్ అవశేషాలు చూసే ఎంపెడా (సముద్ర ఉత్పత్తుల ఎగుమతి సంస్థ) పరీక్షలున్నాయి, మత్స్యశాఖ ఆక్వా ల్యాబ్‌లున్నాయి, చెన్నైలో ఉప్పునీటి సాగు మీద పరిశోధించే కేంద్ర సంస్థ సీబా ఉంది, మేత నాణ్యత మీద 2020లో రాష్ట్రం చట్టం కూడా చేసింది. నేను వాటిని తక్కువ చేయడం లేదు. అవి జవాబిచ్చే ప్రశ్న వేరు. నీ నమూనాలో ఏముందో చెబుతాయి. ఈ పొడి వేస్తే రైతుకి రూపాయి మిగులుతుందా అన్నది వాటి పని కాదు. కాబట్టి విశ్వవిద్యాలయం చేతికి డబ్బు రాగానే అవశేషాలు కొలిచే, కోటిన్నర పైన పలికే ఎల్‌సీ-ఎంఎస్ యంత్రం కొనడం నా దృష్టిలో మొదటి తప్పు. యూరప్‌కి పోయే రొయ్యలో క్లోరాంఫెనికాల్ అనే యాంటీబయోటిక్ 0.15 పీపీబీ (వందకోట్లలో 0.15 వంతు) దాటిందా అని చూడటానికి ఏర్పాట్లు ఇప్పటికే ఉన్నాయి. దాన్నే ఇంకోచోట కట్టడం వల్ల రైతుకి కొత్తగా వచ్చేది లేదు.

రోగకారక క్రిమి డీఎన్‌ఏని పట్టుకునే పీసీఆర్ పరీక్ష అలా కాదు, అది దగ్గర్లో కావాలి. సీడు కొనేముందు ఫలితం సాయంత్రానికి రావాలి. రోగం ఉన్న పిల్లలు నూటికి రెండే ఉన్నా పట్టుకోవాలంటే సుమారు 150 పిల్లల నమూనా తీయాలి. చాలామంది ఇచ్చేది పాలిథిన్ సంచిలో పది ఇరవై. అదీ మధ్యాహ్నం ఎండలో బండి మీద వచ్చేసరికి కుళ్లిపోయి ఉంటుంది. నమూనాకి పదింతల 95 శాతం ఆల్కహాల్ పోసి తెస్తే చెడదు. ఫార్మలిన్‌లో తెస్తే డీఎన్‌ఏ పాడవుతుంది, నెగటివ్ వస్తుంది, రైతు సంతోషంగా సీడు కొంటాడు. పార్కు పేరుతో మొదటి ఏడాది చేయగలిగిన అతి చవకైన మేలు ఏదంటే, ఆల్కహాల్ నింపి గీత గీసిన సీసాలు తీరగ్రామాల్లో పంచడం.

భవనం వాదన

ఐఐటీ మద్రాసు రీసెర్చ్ పార్కుని చూడండి అంటారు. చూద్దాం. ఆ సంస్థ 1959లో పుట్టింది, పార్కు 2010లో తెరుచుకుంది. మధ్యలో యాభై ఏళ్ల పనుంది. అక్కడ అద్దెకి దిగిన కంపెనీలకి ఒక షరతుంది: విద్యార్థులకి పని ఇవ్వడం, ప్రొఫెసర్లతో ఉమ్మడి పరిశోధన చేయడం లాంటి వాటితో క్రెడిట్లు సంపాదించాలి. ఆ షరతు లేకపోతే అదొక మంచి ఆఫీసు భవనం అయ్యేది. కేంబ్రిడ్జిలో ట్రినిటీ కాలేజీ 1970లో మొదలుపెట్టిన పార్కు కూడా మొదటి పదేళ్లు నెమ్మదిగానే నిండింది. పైగా బ్రిటన్‌లో పార్కు లోపలి కంపెనీలనీ బయటి కంపెనీలనీ పోల్చి చూసిన పరిశోధకులకి, పరిశోధన మీద పెట్టే శ్రద్ధలో చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. గోడ లోపల ఉన్నంత మాత్రాన కంపెనీ మారదు.

మనకి ఇంకా దగ్గరి ఉదాహరణ ఉంది. 1971 అక్టోబరు 9న శ్రీహరికోట నుంచి రోహిణి-125 రాకెట్ ఎగిరింది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసేదాకా అక్కడి అంతరిక్ష కేంద్రం షార్ నెల్లూరు జిల్లాలోనే ఉంది. యాభై ఏళ్లు దేశంలోకెల్లా గొప్ప సైన్సు మన జిల్లా నేల మీద జరిగింది. అయినా సూళ్లూరుపేట, నాయుడుపేట చుట్టూ దాన్నుంచి పుట్టిన చిన్న పరిశ్రమలు చెప్పుకోదగ్గంతగా పెరగలేదు. ఘన ఇంధనం పోత, కూర్పు, పరీక్ష, ప్రయోగం అక్కడ జరుగుతాయి. విడిభాగాలు చేసే సంస్థలు తిరువనంతపురం, బెంగళూరు, హైదరాబాదు చుట్టూ ఉన్నాయి. షార్ తప్పు ఇందులో లేదు, దాని పని ఈ ప్రాంతపు సమస్యలు తీర్చడం కాదు. పక్కనే ఉండటం, సంబంధం ఉండటం రెండూ వేరు వేరని మాత్రం ఆ యాభై ఏళ్లూ చెబుతున్నాయి. కాకుటూరులో హైవే పక్కన అద్దాల భవనం కట్టి ఎవరో వచ్చి అద్దెకుంటారని చూస్తే అదే జరుగుతుంది.

చీమకుర్తి పొడి

ఒంగోలు వైపు సమస్య రాయి. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్‌లో మెరిసే బంగారు చుక్కలు బ్రాంజైట్ ఖనిజం, దాని కోసమే ప్రపంచం కొంటుంది. కోత, పాలిష్ యూనిట్లలో నీళ్లతో కలిసి దిగే మెత్తటి బురద మాత్రం ఎవరికీ అక్కర్లేదు. ఎండితే గాలికి లేస్తుంది. దాన్ని ఇసుక బదులు కాంక్రీట్‌లో వాడొచ్చని ఇంజినీరింగ్ కాలేజీల్లో ప్రాజెక్టు రిపోర్టులు రాస్తూనే ఉంటారు. మూడు క్యూబులు పోసి, 28 రోజులకి పగలగొట్టి, బలం పెరిగిందని ముగిస్తారు.

రిపోర్టు అక్కడ ఆగిపోవడానికి కారణముంది. కాంక్రీట్‌లో కలిపే ఇసుక, కంకరకి ఉన్న ఐఎస్ 383 ప్రమాణం ప్రకారం రాయి పొడి ఇసుకలో 75 మైక్రాన్ల కంటే సన్ననిది 15 శాతం మించకూడదు. ఈ బురద దాదాపు అంతా ఆ జల్లెడలోంచి దిగిపోతుంది. కాబట్టి ఇసుకగా అమ్మడానికి లేదు, ఇసుకలో కొద్దిపాళ్లు కలిపే పూరక పొడిగానో ఇటుకలోనో వాడాలి. కలిపిన కొద్దీ నీరు ఎక్కువ అడుగుతుంది, మేస్త్రీ బకెట్ నీళ్లు అదనంగా పోస్తాడు, బలం పడిపోతుంది. గ్యాంగ్‌సా అనే పెద్ద కోత రంపం మీద ఉక్కు రవ్వ వాడే యూనిట్ బురదలో ఇనుము ఉంటుంది, ఇటుక మీద తుప్పు మరకలు తేలతాయి. డైమండ్ బ్లేడు యూనిట్‌ది అలా ఉండదు. రెండూ ఒకే గుట్టలో కలిపి పడేస్తారు. ఇటుక బట్టీ యజమానికి కావలసింది ఒక్క మంచి ఫలితం కాదు. వచ్చే నెల లారీ కూడా ఈ నెల లారీ లాగే ఉంటుందన్న భరోసా కావాలి. ఆ భరోసాకి ఒకే యూనిట్ నుంచి వారం వారం, ఆరు నెలలు నమూనాలు తీసి తేమ, సన్నదనం, ఇనుము రాస్తూ పోవాలి. విద్యార్థి ప్రాజెక్టు ఒక సెమిస్టరుతో అయిపోతుంది. ఈ పని సంస్థ చేయాలి.

ఒంగోలు గిత్త విషయంలోనూ ఇదే లోటు. బ్రెజిల్ వాళ్లు మన పశువుని నెలోర్ పేరుతో పెంచి ముందుకెళ్లడానికి పచ్చిక ఒక్కటే కారణం కాదు. ఏ ఆంబోతు సంతానం ఎంత బరువు తూగిందో తరాల తరబడి రాసుకున్నారు. మనం పందేల్లో బండలాగుడు చూసి మురిసిపోయాం.

పేటెంట్లు లెక్కపెడితే

పార్కు పెడితే విజయాన్ని దేనితో కొలుస్తారు? విద్యాసంస్థలకి గ్రేడు ఇచ్చే నాక్ ఫారాల్లో, ర్యాంకింగుల ఫారాల్లో గళ్లు పేటెంట్లకీ ఒప్పంద పత్రాలకీ ఉన్నాయి కాబట్టి వాటితోనే కొలుస్తారని నా భయం. మన ప్రాంతపు పనికి అది సరిపడని కొలబద్ద. పేటెంట్ చట్టం సెక్షన్ 3(హెచ్) సాగు పద్ధతులకి పేటెంట్ ఇవ్వదు. 3(ఐ) జంతువులకి రోగం రాకుండా చేసే, వాటి విలువ పెంచే చికిత్స పద్ధతులకి ఇవ్వదు. అంటే రొయ్య, వరి, నిమ్మ, పశువు విషయంలో వచ్చే మంచి పద్ధతుల్లో చాలాభాగం గడప దగ్గరే ఆగిపోతాయి. పరికరాలకి, కొన్ని మిశ్రమాలకి వీలుంది. వాటికైనా ఖర్చు అడ్డం కాదు. విద్యాసంస్థకి దాఖలు రుసుము 1,600 రూపాయలు, పరీక్షకి 4,000. అడ్డం వచ్చేది తొందర. కాన్ఫరెన్స్‌లో పేపరు ముందు వేసేసి తర్వాత దరఖాస్తు పెడితే చట్టంలో ఉన్న సందు చాలా ఇరుకు. ముందు తాత్కాలిక దరఖాస్తు పెట్టి, పన్నెండు నెలల్లో పూర్తి వివరం ఇస్తే ఆ ప్రమాదం ఉండదు.

నన్నడిగితే ఏడాది చివర అడగాల్సిన ప్రశ్నలు ఇవి: ఎన్ని పరీక్షలు మొదలుపెట్టి పూర్తి చేశారు, ఎన్ని ఉత్పత్తులు "తేడా లేదు" అని తేలాయి, అవి కూడా తెలుగులో బయటపెట్టారా, పరీక్షకి డబ్బు కట్టినవాడు రెండోసారి వచ్చాడా. "తేడా లేదు" అన్న ఫలితం బయటికి రాకపోతే ఈ ఏర్పాటంతా ఇంకో ప్రకటనల కార్యాలయం అవుతుంది. కంపెనీ ఒత్తిడి తెస్తుంది, లాయరు నోటీసు పంపుతుంది. అందుకే ఒప్పందంలో మొదటి రోజే మూడు రాసుకోవాలి. డబ్బు మొత్తం ముందే కట్టాలి. ఏం కొలుస్తాం, ఎలా లెక్కిస్తాం అన్నది పంట మొదలుకాక ముందే అచ్చువేయాలి. ఫలితం ఏదైనా ప్రచురిస్తాం. ఒప్పుకోని కంపెనీ పరీక్షకి రాదు. రాలేదన్న సంగతే రైతుకి ఒక సమాచారం.

ఎక్కడ చెడుతుంది

యంత్రాల వల్ల చెడదు. రియల్‌టైమ్ పీసీఆర్ యంత్రం పాతిక లక్షల లోపు వస్తుంది. వారంటీ అయిపోయాక ఏటా ధరలో 5 నుంచి 10 శాతం నిర్వహణకి కావాలి, ఆ పద్దు గ్రాంటులో ఉండదు. మూడో ఏడు యంత్రం మీద గుడ్డ కప్పుతారు. ఎంజైములు మైనస్ 20లో ఉండాలి. శనివారం రాత్రి కరెంటు పోయి సోమవారం వచ్చేసరికి ఫ్రీజరు కరిగి మళ్లీ గడ్డకట్టి ఉంటే, చూడటానికి అంతా బాగుంటుంది, ఫలితాలు తప్పుతాయి. డీఎన్‌ఏ తీసే గది, మిశ్రమం కలిపే గది, ఫలితం చూసే గది మూడూ వేరుగా లేకపోతే పాత నమూనా గాల్లోంచి కొత్తదాంట్లో చేరి ఆరోగ్యంగా ఉన్న సీడుని కూడా పాజిటివ్ చూపిస్తుంది. ఒక్క తప్పుడు పాజిటివ్‌కి హేచరీ వాడు జన్మలో మళ్లీ రాడు.

అంతకన్నా పెద్ద చిక్కు కొనుగోళ్లది. ఒక ఎంజైము సీసా కొనాలంటే ఫైలు విభాగం నుంచి రిజిస్ట్రార్‌కి, అక్కణ్ణించి ఫైనాన్స్‌కి, తర్వాత టెండరుకి. మూడు నెలలు. రైతు సీడు బండి రాత్రికి వస్తుంది. కాబట్టి ల్యాబ్‌ని విశ్వవిద్యాలయం ప్రధాన పద్దులోంచి తీసి, లాభం పంచుకోని సెక్షన్ 8 కంపెనీ కింద పెట్టాలి. ఏడాదికి ఒకసారి రేటు ఖరారు చేసుకుని, చేతిలో కొంత నిధి ఉంచి, అవసరమైనప్పుడు తెప్పించుకునే అధికారం ల్యాబ్ మేనేజరుకి ఇవ్వాలి. కేంద్రం ఇచ్చే బయోటెక్ గ్రాంట్లు లాంటివి తీసుకోవాలన్నా ఈ రకం ఏర్పాటు దారి సులువు చేస్తుంది.

మనుషుల సంగతి మాత్రం నాకు నిజంగా దిగులు. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ఖాళీ పోస్టుల సంగతి అందరికీ తెలిసిందే. పాఠం చెప్పేవాళ్లే కాంట్రాక్టు మీద నడుస్తుంటే గుంటల దగ్గర రాత్రి రెండింటికి ఆక్సిజన్ చూసేదెవరు? పరిశోధక విద్యార్థుల మీద వదిలేస్తే వాళ్ల ఫెలోషిప్పు అయిపోయిన రోజున చేతిలో పడ్డ పనితనం కూడా వాళ్లతోనే బస్సెక్కిపోతుంది. వరి స్టేషను ఇన్నేళ్లు నిలబడటానికి శాస్త్రవేత్తలు ఎంత కారణమో, నారుమడి దగ్గర్నుంచి నూర్పిడి దాకా ఏళ్ల తరబడి అక్కడే పనిచేసిన ఫీల్డు సిబ్బందీ అంతే కారణం.

చోటు గురించి కూడా చెప్పాలి. కాకుటూరు హైవే మీదుంది, ఉప్పునీరు అక్కడికి రాదు. గుంటలు ముత్తుకూరు వైపు ఉండాలి. 1991లో మొదలైన మత్స్యశాస్త్ర కళాశాల అక్కడే ఉంది, కృష్ణపట్నం రేవు దగ్గర, కండలేరు క్రీకు దగ్గర. రాయి పని చీమకుర్తికి అరగంట దూరంలో ఒంగోలులో ఉండాలి. నిమ్మకి పొదలకూరు వైపు తోటలు. కాకుటూరులో ఉండాల్సింది లెక్కలు వేసే నలుగురు, ఫలితాలు అచ్చువేసే కార్యాలయం, నమూనాలు దిగే ఒక గది. రెండు విశ్వవిద్యాలయాలూ, మత్స్య కళాశాలా వేరు వేరు పాలకమండళ్ల కింద ఉన్నాయి కాబట్టి ఇదంతా ఒక్క సంతకంతో కాదు. అందుకైనా ఉమ్మడి సంస్థ ముందు పుట్టాలి.

కాబట్టి ఎమ్మెల్యేలకీ, వైస్ చాన్స్‌లర్లకీ ఇచ్చే వినతిపత్రంలో "సైన్సు పార్కు మంజూరు చేయగలరు" అన్న వాక్యం తీసేసి ఇవి రాయమంటాను: ముత్తుకూరు మండలంలో ఉప్పునీరు అందే ఆరెకరాలు, పదేళ్ల లీజు. షీటు పరిచిన ఇరవై గుంటలు, అరవై ట్యాంకులు. మూడు గదుల పీసీఆర్ ల్యాబ్, దానికి ఐదేళ్ల నిర్వహణ పద్దు. ఆరుగురు శాశ్వత టెక్నీషియన్లు, అందులో ఇద్దరు రాత్రి షిఫ్టు. సెక్షన్ 8 కంపెనీ, దాని పాలకమండలిలో కనీసం ఇద్దరు రొయ్య రైతులు, మందులు అమ్మేవాళ్లు ఎవరూ ఉండకూడదు. మొదటి పంట సీడు ఫిబ్రవరిలో దిగాలి, కాబట్టి గుంటల పని వానలు మొదలయ్యే అక్టోబరుకి ముందే అయిపోవాలి.